భోగి పొగలో రేడియో చూపు

భోగినాడు తెల్లవారుజామున చెన్నై రోడ్ల మీదికి పొగ, మంచు కలిసి దిగుతాయి. 2018 జనవరి 13న అవి ఎంత దట్టంగా కమ్ముకున్నాయంటే విమానాలు ఆలస్యమయ్యాయి, కొన్నిటిని వేరే నగరాలకు మళ్ళించారు. విమానానికి కింద కంట్రోల్ టవరు ఉంది, రాడారు ఉంది. రోడ్డు మీది లారీకి హెడ్‌లైట్లే దిక్కు. ఈ లోటు తీర్చడానికి పుట్టినదే వాహనాలు తమలో తాము రేడియోలో మాట్లాడుకునే పద్ధతి.

పద్ధతి చాలా సులువు. ప్రతి వాహనంలో ఒక చిన్న రేడియో పెట్టె ఉంటుంది. తానెక్కడుందో, ఎటు పోతోందో, ఎంత వేగంతో పోతోందో, బ్రేకు పడిందో లేదో సెకనుకు సుమారు 10 సార్లు అది ప్రకటిస్తుంది. సుమారు 300 మీటర్ల లోపలున్న వాహనాలు ఆ మాట విని, ప్రమాదం ఉంటే డ్రైవరును హెచ్చరిస్తాయి. అమెరికా 1999లోనే 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర ఇందుకు కొంత తరంగపట్టీ కేటాయించింది. పెట్టెలో ఇంతకు మించిన వింత లేదు. వింతంతా మంచులో ఉంది.

పొగమంచు బిందువు వ్యాసం సాధారణంగా 10 నుంచి 20 మైక్రాన్లు. కంటికి కనిపించే కాంతి తరంగం పొడవు 0.4 నుంచి 0.7 మైక్రాన్లే. తన కంటె ఎన్నో రెట్లు పెద్దదైన బిందువు తగిలితే కాంతి దారి తప్పి చెదిరిపోతుంది. అంత పెద్ద బిందువు ఎరుపు, నీలం అని తేడా చూడదు, అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా చెదరగొడుతుంది. మంచు తెల్లగా ఉండేది అందుకే.

పసుపు దీపం మంచును చీల్చుకుపోతుందన్న నమ్మకం ఇక్కడే బోల్తా పడుతుంది. ఎర్రటి వెలుగు తక్కువ చెదురుతుందన్న రేలీ సూత్రం గాలి అణువుల వంటి అతి చిన్న కణాలకే వర్తిస్తుంది. ఆకాశం నీలంగా ఉండటానికి కారణమైన ఆ సూత్రాన్ని తెచ్చి మంచుకు అంటగట్టారు. ఫ్రాన్సులో 1993 దాకా కార్లకు పసుపు హెడ్‌లైట్లే ఉండాలన్న నిబంధన ఉండేది. కళ్ళు మిరుమిట్లు గొలపకుండా ఉంటాయన్న వాదన వేరు. మంచుకు మాత్రం పసుపైనా తెలుపైనా ఒకటే.

భోగి పొగ సంగతి కొంత వేరు. పొగ రేణువులు చాలావరకు ఒక మైక్రానుకు లోపే ఉంటాయి, అంటే కాంతి తరంగంతో సరితూగే పరిమాణం. బరువు లెక్కన చూస్తే కాంతిని అన్నిటికంటె బాగా చెదరగొట్టేవి ఇవే. పైగా చెన్నై గాలిలో సముద్రపు తేమ ఎక్కువ. ఆ తేమను పీల్చుకుని రేణువులు ఉబ్బుతాయి. ఐఐటీ మద్రాసుకు చెందిన సచిన్ గుంతే బృందం 2021లో నేచర్ జియోసైన్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ ఉబ్బుకు ఒక దోషిని పట్టుకుంది. ప్లాస్టిక్ చెత్త తగలబెట్టడం వల్లా, పరిశ్రమల వల్లా గాలిలో చేరే హైడ్రోక్లోరిక్ ఆమ్లం రేణువుల చేత ఎక్కువ నీరు తాగిస్తుందనీ, ఢిల్లీ ప్రాంతంలో చూపు మందగించడంలో దాని వాటా పెద్దదనీ ఆ బృందం తేల్చింది. పాత చాపలతో పాటు ప్లాస్టిక్కు, టైర్లు కూడా భోగి మంటలో వేసేవారు గమనించవలసిన సంగతి ఇది.

హై బీమ్ వేస్తే ఇంకా కనిపించకపోవడానికి కారణం, వెలుగు ఒక బిందువు నుంచి మరో బిందువుకు పదేపదే చెదిరి, అందులో కొంత డ్రైవరు కంట్లోకే తిరిగి రావడం. పదేపదే చెదిరే కాంతి గణితాన్ని సమగ్రంగా రాసినవాడు మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. 1950లో వచ్చిన ఆయన ‘రేడియేటివ్ ట్రాన్స్‌ఫర్’ నక్షత్రాల కోసం రాసినదే అయినా ఆ సమీకరణాలు పొగమంచుకూ పనిచేస్తాయి.

ఇప్పుడు రేడియో. 5.9 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 5 సెంటీమీటర్లు. 20 మైక్రాన్ల బిందువు కంటె ఇది 2,500 రెట్లు పెద్దది. మెరీనా అలకు ఇసుకరేణువు అడ్డమా? తరంగం ఏమీ జరగనట్టే సాగిపోతుంది. జడివానలో కూడా 300 మీటర్ల దూరానికి ఈ తరంగం నష్టపోయేది లెక్కలోకి రానంత.

దీని విలువ లెక్క వేస్తే తెలుస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. డ్రైవరు తేరుకోవడానికి ఒకటిన్నర సెకను పడితే 33 మీటర్లు గడిచిపోతాయి. ఆ తర్వాత బ్రేకు పని చేసి బండి ఆగడానికి మరో 50 మీటర్లు. చూపు ఆనేది 50 మీటర్లే అయితే ముందు ఆగివున్న లారీని గుద్దక తప్పదు. రేడియో ఆ కబురు 300 మీటర్ల దూరం నుంచే చెబుతుంది. బండి మీది రాడారు కూడా మంచును దాటి చూస్తుంది గాని, దాని చూపు చాలావరకు ఎదుటి వాహనం దగ్గరే ఆగుతుంది. దానికి ముందున్న లారీ వేసిన బ్రేకు రేడియోకే తెలుస్తుంది.

మంచులో డ్రైవర్లు తమకు తెలియకుండానే వేగం పెంచుతారన్న మాట కూడా ప్రచారంలో ఉంది. 1998లో నేచర్ పత్రికలో వచ్చిన స్నోడెన్ బృందం ప్రయోగం దీనికి మూలం. ఆ ప్రయోగంలో తెర మొత్తాన్నీ ఒకేలా మసకబార్చారు. నిజమైన మంచు దగ్గరివి కనబడనిచ్చి దూరపువి మింగేస్తుంది. 2012లో ప్రెట్టో బృందం అలాంటి మంచునే తెర మీద సృష్టించి చూస్తే ఫలితం తలకిందులైంది: వేగం ఉన్నదానికన్నా ఎక్కువ అనిపించి, జనం నెమ్మదించారు. అయినా 50 మీటర్ల చూపుకు సరిపడేంత నెమ్మదిస్తారన్న భరోసా ఏమీ లేదు.

పట్టాల మీద ఈ పద్ధతి ఇప్పటికే మన నేల మీద పనిచేస్తోంది. 2022 మార్చి 4న దక్షిణ మధ్య రైల్వేలో గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య జరిగిన, రైళ్ళు ఢీకొనకుండా ఆపే ‘కవచ్’ రేడియో వ్యవస్థ పరీక్షలో ఇంజను ఎదుటి ఇంజనుకు 380 మీటర్ల దూరంలో తనంతట తాను ఆగింది. సిగ్నలు రంగు క్యాబులోనే కనిపిస్తుంది కాబట్టి లోకో పైలట్ మంచులోకి కళ్ళు చించుకుని చూడనక్కరలేదు. అక్కడ కలిసివచ్చిన సంగతేమిటంటే పట్టాలకూ బండికీ యజమాని ఒక్కడే.

కబురు అందినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. ఓడలకు ఇలాంటి రేడియో ఎప్పటినుంచో తప్పనిసరి. అయినా 2017 జనవరి 28న ఎన్నూరు దగ్గర బీడబ్ల్యూ మేపుల్, డాన్ కాంచీపురం ఓడలు ఢీకొని చమురు సముద్రం పాలైంది. ఇక రోడ్డు మీద లెక్క మరీ కఠినం: పదింట ఒక వాహనానికే పెట్టె ఉంటే, ఏ రెండు వాహనాలు ఎదురుపడినా రెండింటికీ అది ఉండే అవకాశం నూటికి ఒకటే. సైకిలుకూ గేదెకూ ఎలాగూ ఉండదు. ఖరీదైన కార్లతో మొదలుపెడితే ఈ లెక్క ఏళ్ళ తరబడి కదలదు. 2019 జనవరి నుంచి కొత్త బస్సులకు, టాక్సీలకు జీపీఎస్ ట్రాకర్ తప్పనిసరి చేశారు. తానెక్కడుందో బస్సు ఎక్కడో ఉన్న సర్వరుకు చెబుతోంది గాని వెనకాలే వస్తున్న లారీకి చెప్పడం లేదు. రేడియో పెట్టె ముందు తప్పనిసరి చేయవలసింది ఆ బస్సులకూ, లారీలకే.