పైన తీగ, కింద టిప్పరు

టిప్పరు కంకర దించటం మీరు చూసే వుంటారు. తొట్టి మెల్లగా పైకి లేస్తుంది, కంకర జారి కుప్పపడుతుంది. డ్రైవరు చూపంతా ఆ కంకర మీదనే వుంటుంది. నెత్తిన ఏమున్నదో గమనించడు. బోర్లు వేసే లారీ తన పొడుగాటి ఇనుప స్తంభాన్ని లేపేటప్పుడు కూడా ఇంతే.

ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మరుకు వచ్చే తీగల్లో 11,000 వోల్టుల విద్యుత్తు వుంటుంది. మన ఇంటి దీపానికి వచ్చేది 230 వోల్టులే! పైగా ఇంట్లో తీగకు తొడుగు వుంటుంది. ఆ పై తీగలు చాలావరకు వట్టి అల్యూమినియం. వాటికి గాలే తొడుగు. అందుచేత ఇనుము తాకకపోయినా, మరీ దగ్గరకు వస్తే విద్యుత్తు గాలిలోంచే దూకగలదు.

"మరి పిట్టలు ఆ తీగ మీదనే కూర్చుంటాయి గదా?" అని మీరు అడగవచ్చు. పిట్ట రెండు కాళ్ళూ ఒకే తీగ మీద వుంటాయి. అది నేలను తాకటం లేదు గనక విద్యుత్తుకు దాని గుండా పోయే దారి లేదు. టిప్పరు అలా కాదు, నేల మీద నిలబడి తీగను అందుకుంటుంది. రబ్బరు టైర్లు కాపాడతాయని పెద్దవాళ్ళలో కూడా కొందరు అనుకుంటారు. అది భ్రమ. టైర్లలో కర్బనమూ, ఉక్కు తీగలూ వుంటాయి. 11,000 వోల్టులకు అవి అడ్డం నిలవలేవు, ఒక్కొక్కప్పుడు మండి పేలిపోతాయి కూడా.

అప్పుడు డ్రైవరు ఏం చెయ్యాలి? దిగి పరుగెత్తాలనిపిస్తుంది. కాని లోపల కదలకుండా కూర్చున్నంతసేపూ అతను కూడా పిట్టలాంటివాడే. ఒక కాలు మెట్టు మీద వుండగా రెండోది నేల మీద పెట్టాడా, విద్యుత్తు అతని గుండా పోతుంది. బండి అంటుకుంటే మాత్రం దిగక తప్పదు. అప్పుడు రెండు కాళ్ళూ చేర్చి, బండిని తాకకుండా ఒక్క దూకు దూకాలి. తరవాత పాదాలు విడదీయకుండా చిన్న చిన్న గెంతులతో దూరంగా పోవాలి. ఎందుకంటే బండి చుట్టూ నేలలో కూడా విద్యుత్తు పరుచుకుని వుంటుంది. దగ్గర హెచ్చు, దూరం పోయినకొద్దీ తగ్గు. పెద్ద అంగ వేస్తే ఆ తేడా రెండు పాదాల మధ్యకూ వస్తుంది. విద్యుత్తు ఒక కాలి నుంచి ఎక్కి రెండో కాలి నుంచి దిగుతుంది. పాపం, గేదెలకు ముందుకాళ్ళకూ వెనక కాళ్ళకూ మధ్య దూరం ఎక్కువ గనక ఇలాంటి చోట అవి మనుషులకన్నా తేలికగా చనిపోతాయి.

ఇలాంటిది మీ కంటబడితే దగ్గరకు పోకండి. దూరం నుంచే "దిగవద్దు!" అని కేకవేసి, పెద్దవాళ్ళ చేత 1912కు ఫోను చేయించండి. తీగ చప్పుడు లేకుండా వున్నంత మాత్రాన అందులో విద్యుత్తు లేదనుకోరాదు. ఆగిన సరఫరా మళ్ళీ రావచ్చు.

రైలు గేటుకు రెండువైపులా, రోడ్డుకు అడ్డంగా పైన ఒక దూలం కట్టి వుంటుంది, గమనించారా? పట్టాల మీది తీగలో 25,000 వోల్టులుంటాయి. ఆ దూలం ఎత్తు 4.67 మీటర్లు. అంతకు మించి గడ్డి వేసుకుని వచ్చిన లారీ అక్కడే తట్టుకుని ఆగిపోతుంది.