మాట తడబడినా చేతులు మాట్లాడాయి



ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు, సరిగా వినబడని బిడ్డను వెనుక గదిలోకి పంపడం మన పల్లెల్లో ఎరుగని సంగతి కాదు. “వాడికేం తెలుస్తుందిలే” అనుకొని ఊరుకుంటాము. ఆ మాట ఎంత పొరపాటో హెన్రీ లాప్ అనే భక్తుని జీవితము మనకు చూపిస్తుంది.

ఈయన అమెరికా దేశములోని పెన్సిల్వేనియా రాష్ట్రము, లాంకాస్టర్ జిల్లాలో 1862లో ఆమిష్ కుటుంబములో పుట్టాడు. మహబూబ్‌నగర్ ప్రాంతపు మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాలను ఎరిగినవారికి మెన్నొనైట్ అనే పేరు కొత్త కాదు. ఎదిగిన విశ్వాసులకే బాప్తిస్మము ఇవ్వాలనీ, కత్తి పట్టకూడదనీ నమ్మి, 16వ శతాబ్దములో ఐరోపాలో ఎన్నో హింసలు పొందిన విశ్వాసుల వారసులే వారు. ఆ విశ్వాస కుటుంబములోనుండి 1693లో వేరైన శాఖ ఆమిష్‌వారు. సేద్యము, సాదా బట్టలు, ఆడంబరము లేని ఇల్లు, ఒకరికొకరు సాయము – ఇదీ వారి బ్రతుకు.

అటువంటి రైతుల మధ్య హెన్రీ పెరిగాడు. పుట్టుకతోనే ఆయనకు చెవులు సరిగా వినబడేవి కావు. అందుచేత మాట కూడా స్పష్టముగా వచ్చేది కాదు. అయితే ఆయన ఒకరి మీద భారముగా మిగిలిపోలేదు. వడ్రంగము చేపట్టి, బర్డ్-ఇన్-హ్యాండ్ అనే ఊరి దగ్గర తన పని సాగించాడు. పెట్టెలు, బల్లలు, బీరువాలు చేసి ఇరుగుపొరుగు వారికి అమ్మేవాడు. ఆ ప్రాంతపు జర్మను కుటుంబాలలో సామానుపై పువ్వులు, పక్షులు చిత్రించే వాడుక ఉండేది. హెన్రీ మాత్రము తిన్నని గీతలతో, ఒకే రంగుతో సాదాగా చేసేవాడు. ఆయన విశ్వాసము, ఆయన పని ఒకదానికొకటి సరిపోయాయి.

మరి మాట సాగనివాడు బేరము ఎలా చేస్తాడు? దానికి ఆయన దగ్గర ఒక చిన్న పుస్తకము ఉండేది. తాను చేయగల ప్రతి వస్తువునూ అందులో నీటిరంగులతో బొమ్మ వేసి ఉంచాడు. కొనవచ్చినవారు పుట తిప్పి, కావలసినది వ్రేలితో చూపిస్తే చాలు. నోరు చెప్పలేనిది ఆ పుటలు చెప్పాయి.

1904లో, నడివయస్సులోనే ఆయన ప్రభువు సన్నిధికి వెళ్లాడు. ఆ పుస్తకము నేడు ఫిలడెల్ఫియా కళా ప్రదర్శనశాలలో భద్రముగా ఉన్నది. 1975లో అది అచ్చు కూడా అయినది.

ప్రత్యక్ష గుడారపు పనికి దేవుడు బెసలేలును పేరు పెట్టి పిలిచి, తన ఆత్మతో నింపినట్లు నిర్గమకాండము 31వ అధ్యాయములో చదువుతాము. అక్కడ దేవుని ఆత్మ నింపినది ప్రసంగికుని కాదు, చేతిపనివానిని! నోటిమాటే దేవుని వరము అనుకొనే మనకు ఇది మంచి పాఠము.

తల్లిదండ్రులారా, మీ ఇంట ఇటువంటి బిడ్డ ఉంటే జాలి ఒక్కటే చాలదు. చేతికి ఒక పని నేర్పండి. ముందుగా బడికి పంపండి. సంఘ పెద్దలారా, ఆదివారము ఆ బిడ్డను వెనుక మూలన కూర్చోబెట్టకండి. చాప పరచడమో, కానుక సంచి పట్టడమో, గుడి బల్లకు రంగు వేయడమో అప్పగించండి. సంఘము క్రీస్తు శరీరమైతే, అందులో పని లేని అవయవము లేదు.

వచ్చే ఆదివారము మీ గుడిలో ఆ వెనుక మూల ఒకసారి చూడండి. అక్కడ ఒక బెసలేలు కూర్చొని ఉన్నాడేమో!