హాబ్సన్ గుఱ్ఱము

దుకాణమునకు పోయి "రెండు మూడు రకములు చూపుడు" అని యడిగినవానికి వర్తకుడు ఒక్క వస్త్రమునే చూపి, "వలసినచో కొనుడు, లేకున్న మానుడు" అనెననుకొనుడు. కొనువాడు ఎంచుకొనుట కేమున్నది? ఇట్టి స్థితిని ఆంగ్లేయులు 'హాబ్సన్స్ ఛాయిస్' అందురు. హాబ్సన్ ఎంపిక యని దాని యర్థము. పేరునకు ఎంపికయే కాని, ఎంచుటకు రెండవది లేదు.

హాబ్సన్ కల్పితపురుషుడు కాడు. థామస్ హాబ్సన్ 1544 ప్రాంతమున జన్మించి, ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరమున జీవించెను. కేంబ్రిడ్జికిని లండనుకును నడుమ ఉత్తరములను, సరకులను బండ్లపై చేరవేయుట ఆయన వృత్తి. అదిగాక బాడుగకు గుఱ్ఱముల నిచ్చుచుండెను. ఆయన శాలలో సుమారు 40 గుఱ్ఱములుండెడివి.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు ప్రసిద్ధి కెక్కిన నగరము. అచ్చటి విద్యార్థులు పడుచువారు. వడిగా పరుగిడు గుఱ్ఱములనే కోరుట వారికి సహజము. అందఱును ఆ కొన్నింటినే కోరినచో అవి విశ్రాంతి లేక నలిగిపోవును. తక్కినవి శాలలో ఊరక నిలిచియుండును. బాడుగ చెల్లించినవానికి గుఱ్ఱపు ఎగయూపిరి వినబడదు గదా! కావున హాబ్సన్ ఒక కట్టడి చేసెను. తిరిగివచ్చిన గుఱ్ఱమును వరుసలో చివర కట్టవలెను; బాడుగకు వచ్చినవాడు తలుపునకు చేరువనున్న గుఱ్ఱమునే గైకొనవలెను. ఎంతటివాడు వచ్చినను ఈ కట్టడి మారలేదు.

కొందఱు ఈ జాతీయమును మన 'ముందు నుయ్యి, వెనుక గొయ్యి' అనుదానితో సమానముగా తలతురు. అది పొరపాటు. నుయ్యి, గొయ్యి యనుచోట దారులు రెండు, రెండును చెడ్డవే. హాబ్సన్ శాలలో దారి యొక్కటే. అది చెడ్డది కానక్కఱలేదు. తలుపుకడ నిలిచినది అన్నిటికంటె ఎక్కువ విశ్రాంతి పొందిన గుఱ్ఱము! కాని వాడుకలో కోరినది దొరకనివాని విసుగే నిలిచినది. గుఱ్ఱముల మేలు మఱుగుపడినది.

1630లో కేంబ్రిడ్జిలో మహామారి వ్యాపింపగా హాబ్సన్ లండను ప్రయాణములు నిలిచిపోయెను. 1631 జనవరి 1వ తేదీన ఆయన మరణించెను. అప్పుడు అచ్చట విద్యార్థిగా నున్న మిల్టన్ మహాకవి ఆ మరణమునుగూర్చి హాస్యధోరణిలో రెండు పద్యకృతులు రచించెను. 1712లో 'స్పెక్టేటర్' పత్రిక గుఱ్ఱపుశాల వృత్తాంతమును ప్రకటించుటతో ఆ పేరు మఱింత వ్యాపించెను. కేంబ్రిడ్జికి మంచినీరు తెచ్చుటకై ఆ కాలముననే త్రవ్వించిన కాలువ పోషణకు హాబ్సన్ తన యాస్తిలో కొంత వ్రాసియిచ్చెను. ఆ కాలువకు నేటికిని ఆయన పేరే వాడుకలో నున్నది.