ట్యాంకులో మొక్కజొన్న

పెట్రోలు బంకు దగ్గర ఈమధ్య తరచూ వినిపిస్తున్న మాట, "బండి మునుపటిలా మైలేజీ ఇవ్వడం లేదు" అని. 2025 నాటికి దేశంలో దాదాపు అన్ని బంకుల్లోనూ 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే దొరుకుతోంది. ఇ20 అంటే ఇదే. మైలేజీ సగానికి పడిపోయిందని కొందరు, ఏమాత్రం తగ్గలేదని మరికొందరు వాదిస్తారు. రెండూ నిజం కావు. ఎంత తగ్గుతుందో రసాయనశాస్త్రం ముందే లెక్క చెబుతుంది.

ఇథనాల్ బరువులో మూడో వంతు ఆక్సిజనే. ఆక్సిజన్ మండించడానికి తోడ్పడుతుందే తప్ప తాను ఇంధనం కాదు. అందుకే లీటరు పెట్రోలు మండితే సుమారు 32 మెగాజౌల్స్ శక్తి వస్తుంటే, లీటరు ఇథనాల్ 21 దగ్గరే ఆగిపోతుంది. ట్యాంకులో ఐదో వంతుకు మూడో వంతు శక్తి తగ్గితే మొత్తం మీద పోయేది ఆరేడు శాతం. మామూలు పెట్రోలు కోసం తయారై ఇ10కు సర్దుబాటు చేసిన కార్లకు నీతి ఆయోగ్ 2021 నివేదిక వేసిన అంచనా కూడా ఇంతే. ద్విచక్ర వాహనాలకు 3–4 శాతం.

ఇథనాల్‌కు ఆక్టేన్ విలువ ఎక్కువ. దానికి తగ్గట్టు కంప్రెషన్ పెంచి కట్టిన కొత్త ఇంజన్లలో ఈ నష్టం కొంత పూడుతుంది. పాత బండ్ల ఇబ్బంది వేరు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, కొన్ని రకాల రబ్బరు గొట్టాలను, సీళ్లను దెబ్బతీస్తుంది.

బ్రెజిల్ 1975లోనే ఈ దారి పట్టింది. అక్కడి బంకుల్లో ఇథనాల్‌ను విడిగా కూడా అమ్ముతారు. దాని ధర పెట్రోలు ధరలో 70 శాతం లోపు ఉంటేనే లాభమని వాహనదారులు లెక్క వేసుకుంటారు. మన దగ్గర శక్తి తగ్గినా ధర తగ్గలేదు, వేరే పెట్రోలు కొనుక్కునే వీలూ దాదాపు లేదు. ఈ అసంతృప్తి న్యాయమైనదే.

అయితే ఇథనాల్ తీసేది చెరకు, బియ్యం, మొక్కజొన్న వంటి పంటల నుంచి కాబట్టి, ఇంతకంటే పెద్ద లెక్క పొలంలో ఉంది. ముడిచమురు దిగుమతి భారం తగ్గాలన్న ప్రభుత్వ ఉద్దేశం మంచిదే, మొక్కజొన్న రైతుకు గిరాకీ పెరిగిన మాటా నిజమే. కానీ చెరకు నుంచి లీటరు ఇథనాల్ తీయాలంటే 2,860 లీటర్ల నీళ్లు కావాలని అదే నీతి ఆయోగ్ నివేదిక చెప్పింది. 2024–25లో భారత ఆహార సంస్థ గోదాముల నుంచి 52 లక్షల టన్నుల బియ్యాన్ని ఇథనాల్‌కు కేటాయించారు. మొక్కజొన్న ఎగుమతి చేసే దేశం 2024లో దిగుమతులకు దిగింది. కోళ్ల దాణాలో సగానికి పైగా మొక్కజొన్నే కాబట్టి ఆ సెగ కోళ్ల రైతులకు వెంటనే తగిలింది.

ఎకరానికి 25 క్వింటాళ్ల మొక్కజొన్న పండిందనుకుందాం. టన్నుకు 380 లీటర్ల చొప్పున 950 లీటర్ల ఇథనాల్ వస్తుంది. దానితో ఓ మోస్తరు కారు సుమారు 12 వేల కిలోమీటర్లు తిరుగుతుంది. అదే ఎకరంలో సౌర ఫలకాలు పెడితే ఏడాదికి దాదాపు 3 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు వేసుకున్నా విద్యుత్ కారుకు అది 18 లక్షల కిలోమీటర్లు! ఏడాదికి రెండు పంటలు తీసినా ఈ తేడా డెబ్బై రెట్లకు తగ్గదు. బ్యాటరీల ఖర్చు, రాత్రివేళ కరెంటు వంటి చిక్కులు ఉన్నాయి, ఇప్పుడు రోడ్డు మీదున్న కోట్ల పెట్రోలు బండ్లూ ఉన్నాయి. అవన్నీ లెక్కలోకి తీసుకున్నా, ఇంధనం కోసమే భూమి కేటాయించే మాటైతే పంట కంటే సౌర ఫలకమే మేలు.

ఊళ్ల గోడు ఇంకొకటి. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ ప్రజలు ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ రోడ్డెక్కారు, ప్రభుత్వం పనులు ఆపించింది. 2025 జూన్‌లో జోగులాంబ గద్వాల జిల్లా పెద్దధన్వాడలోనూ అదే పోరు. నీళ్లు, గాలి, పొలాలు పాడవుతాయన్న వారి భయాన్ని అభివృద్ధికి అడ్డంకిగా కొట్టిపారేయడం తప్పు. వారిని ముందే కూర్చోబెట్టి నీటి లెక్కలు చెప్పాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే.

తిండిగింజ ముట్టని దారి కూడా ఒకటుంది. ఏటా సుమారు 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీసే లక్ష్యంతో ఇండియన్ ఆయిల్ 2022లో పానిపట్‌లో ప్లాంటు తెరిచింది. గడ్డిలోని సెల్యులోజ్‌ను చక్కెరగా మార్చడం గింజలోని పిండిని మార్చినంత సులువు కాదు. ముందుగా గడ్డిని శుద్ధి చేయాలి, ఖరీదైన ఎంజైములు వాడాలి. ప్రభుత్వ సాయం ఎక్కువగా అందాల్సింది ఇక్కడే. తెలంగాణలో కోతలయ్యాక వరి కొయ్యకాళ్లను తగలబెట్టడం ఏటా చూస్తున్నదే. పశువులకు పోగా మిగిలిన గడ్డిని కట్టలు కట్టించి తరలించే ఖర్చును ప్రభుత్వం భరిస్తే, కొత్తగా ఒక్క ఎకరం దున్నకుండానే ఇథనాల్ తీయవచ్చు.