కనెక్షన్ ఇప్పించాక మిగిలే అరగంట పని

స్కూలు ఫీజులు, పుస్తకాలు, మందుల ఖర్చుల సరసన ఇప్పుడు ఇంకొక అవసరం వచ్చి చేరింది. చదువుకునే పిల్లలున్న ఇంటికి ఏడాది పాటు బ్రాడ్‌బ్యాండ్ బిల్లు కడతామని దాతలు ముందుకొస్తున్నారు. మంచి ఆలోచన. అయితే బిల్లు కట్టడం ఆ సాయంలో సగమే. రౌటర్‌ను సరైన చోట పెట్టి, దానికి గట్టి తాళం వేసి, ఆ తాళంచెవిని ఇంటివాళ్ల చేతికి ఇస్తేనే రెండో సగం పూర్తవుతుంది. అది ఓ అరగంట పని. ఆ అరగంటలో ఏం చేయాలో ఇక్కడ వివరిస్తున్నాం. దాతల సొంత ఇళ్లకూ ఇందులో చాలా మాటలు వర్తిస్తాయి.

తీగ ముంగిట్లోనే ఉంది

రాయదుర్గం చుట్టుపక్కల ఇంటర్నెట్‌కు కొదవ లేదు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచి కంపెనీలు ఇటువైపే విస్తరించాయి. 2019 నవంబరులో మెట్రో రాయదుర్గం వరకు వచ్చింది. 2022 జూన్‌లో టీ-హబ్ కొత్త భవనం ఇక్కడే తెరుచుకుంది. ఈ అద్దాల భవనాలకు కాపలా కాసేవాళ్లు, వాటిని ఊడ్చి తుడిచేవాళ్లు, క్యాబులు నడిపేవాళ్లు ఉండే గల్లీల మీదుగానే ఫైబర్ తీగలు వెళ్తున్నాయి. కానీ ఆ ఇళ్లలో ముగ్గురు పిల్లలు ఒకే ఫోన్ కోసం, అందులో రోజుకింత అని వచ్చే డేటా కోసం పోటీ పడుతుంటారు.

ఈ ప్రాంతంలోని దర్గాలో ఉన్న హజ్రత్ హుస్సేన్ షా వలీ పేరే హుస్సేన్ సాగర్‌కు వచ్చింది. 1560లలో, ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, ఆయన పర్యవేక్షణలోనే ఆ చెరువు కట్టారు. చెరువు ఎంత నిండుగా ఉన్నా తూము సరిగ్గా లేకపోతే పొలానికి నీళ్లు చేరవు. ఇంటికి రౌటర్ ఆ తూములాంటిది.

కనెక్షన్ ఎవరి పేరున తీసుకోవాలి?

దాత తన పేరునే నాలుగైదు కనెక్షన్లు తీసుకుని పంచడం సులువుగా కనిపిస్తుంది. అలా చేయవద్దని మా సలహా. కనెక్షన్ ఎవరి పేరున ఉంటే, దాని మీద జరిగే ప్రతి పనికీ ముందుగా జవాబు చెప్పాల్సింది వాళ్లే. ఆ ఇంట్లో ఉండేవారి పేరున, వారి గుర్తింపు కార్డుతో తీసుకుని, డబ్బు మాత్రం దాత కట్టడం మేలు. ఫిర్యాదు చేయాల్సి వచ్చినా, ఇల్లు మారాల్సి వచ్చినా ఆ కుటుంబం మళ్లీ దాత గడప ఎక్కాల్సిన పని ఉండదు.

ఎంత వేగం కావాలన్నది రెండో ప్రశ్న. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ వేగం ఉండాలని 2023లో నిర్వచనం మార్చారు. ఒక వీడియో పాఠానికి సుమారు 2 నుంచి 4 ఎంబీపీఎస్ చాలు. ముగ్గురు పిల్లలున్న ఇంటికి 40 ఎంబీపీఎస్ ప్లాన్ ధారాళంగా సరిపోతుంది. పెద్ద ప్లాన్‌కు పెట్టే అదనపు డబ్బుతో ఇంకో ఇంటికి సాయం చేయవచ్చు.

దీపాలు చెప్పే మాట

ఫైబర్ తీగ ఇంట్లోకి వచ్చి ఒక పెట్టెలో కలుస్తుంది. తీగలో వచ్చే వెలుగును ఇంటర్నెట్ సంకేతంగా మార్చడం ఆ పెట్టె పని. ఈ మధ్య ఇస్తున్న చాలా పెట్టెల్లో రౌటర్ కూడా కలిసే ఉంటుంది. ముందు వైపు 'పీఓఎన్' అన్న దీపం పచ్చగా, కదలకుండా వెలుగుతుంటే తీగ బాగున్నట్టు. 'ఎల్ఓఎస్' అన్నచోట ఎర్రదీపం వెలిగితే వెలుగు లోపలికి రావడం లేదన్నమాట. అప్పుడు రౌటర్‌లో ఏం మార్చినా ఫలితం ఉండదు. తీగ ఎక్కడో తెగి ఉంటుంది, లేదా మడతపడి ఉంటుంది. 2025 ఆగస్టులో రామంతాపూర్ విద్యుత్ ప్రమాదం తర్వాత స్తంభాలకు వేలాడుతున్న కేబుళ్లను తొలగించినప్పుడు నగరంలో ఎన్నో కాలనీలకు ఇంటర్నెట్ ఆగిపోయింది. అలాంటప్పుడు ఫిర్యాదు నంబరుకు ఫోన్ చేయడం తప్ప ఇంట్లో చేయగలిగింది లేదు.

రెండు జాగ్రత్తలు ఇంటిల్లిపాదికీ చెప్పాలి. ఫైబర్ తీగ లోపల ఉండేది గాజు. బట్టల తీగలా చుట్టకూడదు, మేకుకు గట్టిగా కట్టకూడదు. ఊడిన తీగ కొసను కంటి దగ్గర పెట్టుకుని చూడకూడదు, అందులోని వెలుగు కంటికి కనిపించకుండానే హాని చేయవచ్చు.

రౌటర్ వెనక చిన్న రంధ్రంలో 'రీసెట్' అనే బొత్తం ఉంటుంది. నెట్ ఆగితే కరెంటు స్విచ్ ఆపి, అర నిమిషం తర్వాత వేయాలి. అంతేగాని పిన్నుతో రీసెట్ నొక్కకూడదు. నొక్కితే మనం పెట్టిన పాస్‌వర్డులతో పాటు కంపెనీవాళ్లు నింపిన లాగిన్ వివరాలు కూడా చెరిగిపోతాయి. మళ్లీ టెక్నీషియన్ వచ్చేదాకా నెట్ ఉండదు.

ఎక్కడ పెట్టాలి?

తీగ ఎక్కడ లోపలికి వస్తే అక్కడే, తలుపు పక్కన మూలకు బిగించి వెళ్లిపోవడం మామూలుగా జరిగేది. బిగించే ముందే అడిగి, తీగను మరో నాలుగు మీటర్లు లోపలికి లాగించుకోవాలి. పిల్లలు చదువుకునే చోటికి దగ్గరగా, ఇంటి మధ్యలో, మనిషి ఎత్తున రౌటర్ ఉండాలి. ఇనుప బీరువా మీద గానీ, ఫ్రిజ్ వెనక గానీ, పెద్ద అద్దం పక్కన గానీ పెట్టకూడదు. లోహం వైఫై తరంగాలను అడ్డుకుంటుంది. ఇనుప చువ్వలున్న కాంక్రీటు గోడ కూడా అంతే.

చాలా రౌటర్లు రెండు రకాల తరంగాలు పంపుతాయి. 2.4 గిగాహెర్ట్జ్‌ది గోడలు దాటి దూరం వెళ్తుంది, కానీ నెమ్మది. 5 గిగాహెర్ట్జ్‌ది వేగంగా ఉంటుంది, కానీ రెండు గోడలు దాటేసరికి నీరసిస్తుంది. ఒకటి రెండు గదుల ఇంట్లో 5 గిగాహెర్ట్జ్ చక్కగా పనిచేస్తుంది. పైగా ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లలో 2.4 గిగాహెర్ట్జ్ మీద రద్దీ ఎక్కువ. అందులో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు మూడే: 1, 6, 11. నెట్ తడబడుతుంటే ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా మార్చి చూడాలి.

కరెంటు పోతే రౌటర్ కూడా ఆగుతుంది. రౌటర్‌కు సరిపడే చిన్న యూపీఎస్ బజారులో దొరుకుతుంది. అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసుకుని కొనాలి. పరీక్షల రోజుల్లో ఇది ఎంతో అక్కరకొస్తుంది.

తాళం వేయడం

రౌటర్‌కు రెండు తాళాలుంటాయి. ఒకటి వైఫై పాస్‌వర్డ్. రెండోది రౌటర్ లోపలి సెట్టింగులు మార్చే అడ్మిన్ పాస్‌వర్డ్. మొదటిది అందరికీ తెలుసు, రెండోదాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. వైఫైకి కలిపిన ఫోన్ బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొడితే చాలా రౌటర్ల సెట్టింగుల పేజీ తెరుచుకుంటుంది. కొన్నింటికి ఈ నంబరు వేరు, అది అడుగున చీటీ మీద ఉంటుంది. అక్కడ ఫ్యాక్టరీవాళ్లు పెట్టిన పాస్‌వర్డును మొదట మార్చాలి. 2016లో 'మిరాయ్' అనే వైరస్ ఇలాంటి ఓ అరవై ఫ్యాక్టరీ పాస్‌వర్డులను ఒక్కొక్కటిగా ప్రయత్నించి ప్రపంచమంతటా లక్షల కెమెరాలను, రౌటర్లను లొంగదీసుకుంది. ఆ అక్టోబరులో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి చాలామందికి గంటల తరబడి అందకుండా పోయింది ఆ పరికరాలతో చేసిన దాడి వల్లనే.

ఇక వైఫై పాస్‌వర్డ్. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఇంటి యజమాని ఫోన్ నంబరే. అది ఇరుగుపొరుగు అందరికీ తెలిసిన నంబరు. తెలియకపోయినా, 6 నుంచి 9 లోపు అంకెతో మొదలయ్యే పది అంకెల నంబర్లు మొత్తం 400 కోట్లే. మనిషికి అది అంతులేని లెక్క, తగిన కంప్యూటర్‌కు కొన్ని గంటల పని. దానికి బదులు ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు మాటలు కలిపి ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకుంటే గుర్తుంచుకోవడం సులువు, కనుక్కోవడం కష్టం. భద్రత రకం అడిగినచోట 'డబ్ల్యూపీఏ2' లేదా 'డబ్ల్యూపీఏ3' ఎంచుకోవాలి. 'ఓపెన్', 'డబ్ల్యూఈపీ' అన్నవి వద్దు.

'డబ్ల్యూపీఎస్' అనే సౌకర్యాన్ని ఆపేయాలి. దాని ఎనిమిదంకెల పిన్నును రెండు ముక్కలుగా సరిచూస్తారు కాబట్టి గరిష్ఠంగా 11,000 ప్రయత్నాల్లోనే బయటపడుతుందని 2011లో తేలింది. 'రిమోట్ మేనేజ్‌మెంట్' ఆన్‌లో ఉంటే దాన్నీ ఆపాలి. 'ఫర్మ్‌వేర్ అప్‌డేట్' ఉంటే చేయాలి. వచ్చిపోయేవాళ్ల కోసం 'గెస్ట్ నెట్‌వర్క్' విడిగా పెట్టుకుంటే ఇంటి పాస్‌వర్డ్ ఊరంతా తిరగదు.

తాళం లేని వైఫై ఎంత ముప్పు తెస్తుందో చెప్పే ఉదంతం ఒకటుంది. 2008 జూలై 26న అహ్మదాబాద్‌లో బాంబులు పేలడానికి కొద్ది నిమిషాల ముందు మీడియా సంస్థలకు ఒక ఈమెయిల్ వచ్చింది. అది నవీ ముంబైలోని సాన్‌పాడాలో ఒక ఫ్లాట్ ఇంటర్నెట్ నుంచి వెళ్లినట్టు పోలీసులు గుర్తించారు. అక్కడ ఉంటున్న విదేశీయుణ్ని ప్రశ్నించారు, ఆయన కంప్యూటర్లను పరీక్షించారు. ఆయన వైఫైని వేరేవాళ్లు వాడుకున్నారని తర్వాత తేలింది. 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ వైఫై భద్రతపై ఇంటర్నెట్ సంస్థలకు ఆదేశాలిచ్చింది. పెద్ద ఉద్యోగం, పలుకుబడి ఉన్న మనిషికే అన్ని ప్రశ్నలు ఎదురైతే, దినకూలీతో బతికే ఇంటి పరిస్థితి ఏమిటో మనమే ఊహించుకోవచ్చు. నిజం తేలేలోపు పోయే పరువును ఎవరూ తిరిగి తెచ్చివ్వలేరు. అందుకే పక్కింటివాళ్లు అడిగితే ఇవ్వకపోవడమెలా అన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు. ఆ ఇంటికీ అవసరముంటే మాకు చెప్పండి, వారి పేరున వేరే కనెక్షన్ గురించి ఆలోచిద్దాం.

పిల్లల కోసం

రౌటర్ సెట్టింగుల్లో 'డీఎన్ఎస్' అనే చోట 1.1.1.3 అని పెడితే అశ్లీల సైట్లు, హాని చేసే సైట్లు చాలావరకు తెరుచుకోవు. ఇది ఉచితం. చాలా రౌటర్లలో రాత్రి ఫలానా వేళకు పిల్లల ఫోనుకు నెట్ ఆగేలా కూడా పెట్టవచ్చు. అయితే మొబైల్ డేటా ఆన్ చేసుకుంటే ఈ కంచె దాటినట్టే. తల్లిదండ్రులు పిల్లలతో కూర్చుని మాట్లాడుకోవడానికి ఏ సెట్టింగూ సాటి రాదు. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలని కూడా వాళ్లకు చెప్పి రావాలి.

అప్పగింత

అన్నీ అమర్చాక ఒక కార్డు మీద వైఫై పేరు, రెండు పాస్‌వర్డులు, కస్టమర్ నంబరు, ఫిర్యాదు నంబరు రాసి ఇంటి ఇల్లాలికి ఇవ్వాలి. రేషన్ కార్డు దాచే చోట దాన్నీ దాచమనాలి. దీపాలు చూడటం, స్విచ్ ఆపి వేయడం ఆమెతోనే ఒకసారి చేయించాలి. పగలు ఇంట్లో ఉండేది, పిల్లల చదువు కనిపెట్టుకునేది ఎక్కువగా ఆమే.

అమర్చడానికి వెళ్లిన కార్యకర్త ఆ పాస్‌వర్డులను తన ఫోన్‌లో ఉంచుకోకూడదు. రౌటర్‌ను నడిపే యాప్ తన ఫోన్‌లో వేసుకుని ఉంటే అక్కడే తీసేయాలి. ఆ యాప్ చేతిలో ఉన్నవారికి ఇంట్లో ఎన్ని ఫోన్లున్నాయో, ఏది ఎప్పుడు కలిసిందో తెలుస్తుంది. ఒక ఇంటి గుట్టు మన చేతికి వచ్చిన అమానతు. దాన్ని అప్పగించాకే గడప దాటాలి.

చివరిగా, వైఫైకి పెట్టే పేరు. అందులో దాత పేరు గానీ, మన సొసైటీ పేరు గానీ ఉండకూడదు. గల్లీలో ఎవరు ఫోన్ తెరిచినా ఆ పేరు కనిపిస్తుంది. ఆ ఇల్లు సాయం మీద నడుస్తోందని రాత్రింబవళ్లు చాటింపు వేసినట్టవుతుంది. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియనివ్వకూడదని మనం చిన్నప్పటి నుంచి వింటున్నదే. పేరేం పెట్టాలో ఆ ఇంటి పిల్లల్నే అడగండి, సంతోషంగా చెబుతారు.

ఈ ఏడాది కనెక్షన్ ఇప్పించదలచిన దాతలను మేము కోరేది ఇంతే. బిల్లుతో పాటు ఆ అరగంటను కూడా లెక్కలో వేయండి. మీకు వీలైతే స్వయంగా వెళ్లండి, లేకపోతే ఈ పని తెలిసిన మీ పిల్లల్లో ఒకరిని మా కార్యకర్తతో పంపండి. ఐటీ కంపెనీల్లో పనిచేసే యువత మన ఇళ్లలో ఎంతోమంది ఉన్నారు. వాళ్లకు ఇది చేతిలో పని. ఆ ఇంటికి మాత్రం ఏడాదంతా నిలిచే సాయం.