ప్రయోగశాల తాళం, మైదానం విజిల్

బడి కాలపట్టికలో కులం కనిపించదు. గణితం, తెలుగు, సామాన్యశాస్త్రం, వారానికి ఒకటో రెండో ఆటల పీరియడ్లు, అందరికీ అవే గడులు, అదే గంట. కాని ఆ గడులలో ఎవరి చేతికి పరీక్షనాళిక అందుతుంది, ఎవరి చేతికి బంతి అందుతుంది, పరీక్షలు దగ్గరపడగానే ఎవరి కోసం ఎవరి పీరియడు రద్దవుతుంది అని అడిగితే కాలపట్టిక కూడా ఊరి పటంలాగే చీలి కనిపిస్తుంది. నెల్లూరు తీరంలో, తోటపల్లి గూడూరు వంటి మండలంలో, ఈ ప్రశ్న వేయడానికి ప్రత్యేకమైన కారణం ఉంది. మాల, మాదిగ క్రైస్తవుల పిల్లలు, యానాదుల పిల్లలు, సముద్రం మీద బతికే పట్టపువారి పిల్లలు, వరిపొలాలూ రొయ్యల చెరువులూ ఉన్న రైతుకులాల పిల్లలు ఒకే బెంచీమీద కూర్చోవలసిన ప్రాంతమిది. అటువంటి బెంచీని సాధ్యం చేసిన సంస్థల్లో మిషన్ బడి ఒకటి. దానిని పొగడడంతో ఆగిపోయే వ్యాసాలు చాలా వచ్చాయి. తెగడడంతో మొదలయ్యేవి ఇప్పుడు ఎక్కువవుతున్నాయి. రెండు రకాలవారూ తరగతి గదిలోకి మాత్రం తొంగిచూడరు.

కథోలిక బడి గురించి మాట్లాడాలంటే కథోలిక సంఘపు సామాజిక నిర్మాణం కొంత తెలియాలి. నెల్లూరుకు అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో వచ్చింది. ఆ మిషన్ ఒంగోలు ప్రాంతంలో ప్రధానంగా మాదిగల సంఘంగా ఎదిగింది. కథోలికుల దారి వేరు. 18వ శతాబ్దంలోనే ఫ్రెంచి జెసూట్ల కర్ణాటక మిషన్ ద్వారా తెలుగునాట కొన్ని రెడ్డి, కమ్మ కుటుంబాలు జ్ఞానస్నానం పొందాయి. దళితులు పెద్దసంఖ్యలో చేరింది ఆ తరవాతి కాలంలో. 1928లో మద్రాసు నుంచి విడివడి నెల్లూరు మేత్రాసనం ఏర్పడేనాటికే కులాల నిచ్చెన దేవాలయం లోపలికి వచ్చి నిలబడింది. భూమి ఉన్నవాడూ, ఆ భూమిలో కూలి చేసేవాడూ ఒకే దివ్యపూజలో మోకరిల్లడం గొప్ప విషయమే. పూజ ముగిశాక ఇద్దరూ ఏ దారిన ఏ వాడకు వెళతారన్నది మరో విషయం. ఈ మాట బయటివారి నింద కాదు. సంఘంలో వివక్ష, అంటరానితనం ఉన్నాయని భారత కథోలిక మేత్రాణుల సమాఖ్య 2016లో వెలువరించిన దళిత సాధికారత విధానపత్రమే ఒప్పుకుంది. తెలుగువాడైన పూల ఆంథోనీ 2022 ఆగస్టు 27న కార్డినల్ అయినప్పుడు ఆ పదవికి చేరిన మొదటి దళితుడు ఆయనే. ‘మొదటి’ అనే మాట అంత ఆలస్యంగా అవసరమైంది.

ఇక బడి. అంబేడ్కర్ బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలులో చదివే రోజుల్లో జరిగిందని జీవితచరిత్రకారులు చెప్పే సంఘటన మనకు తెలిసినదే. లెక్క చేయమని ఉపాధ్యాయుడు ఆయనను నల్లబల్ల దగ్గరకు పిలిచాడు. బల్ల వెనుక అన్నం డబ్బాలు పెట్టుకున్న సవర్ణ విద్యార్థులు ఆయనకంటే ముందు పరుగెత్తి వాటిని తీసేసుకున్నారు. ఈ కథను మనం అవమానపు ఉదాహరణగా చెప్పుకుంటాం. నాకు ఇందులో మరొకటి ముఖ్యమనిపిస్తుంది. లెక్క చేయడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. బల్లదాకా రావడానికే అభ్యంతరం. జ్ఞానం వినడం వరకూ అనుమతించి, జ్ఞానపు సామగ్రిని ముట్టుకోవడం దగ్గర ఆపేయడం కులానికి పాత అలవాటు.

పాఠశాలలో ముట్టుకుంటే తప్ప సాగని విషయాలు రెండే ఉన్నాయి. ఒకటి ప్రయోగశాల, రెండోది మైదానం. లిట్మస్ కాగితాన్ని తన చేత్తో ముంచనివాడికి ఆమ్లం ఒక నిర్వచనం మాత్రమే. చెడుగుడు సంగతి చెప్పనే అక్కరలేదు. కూతకు వెళ్లినవాడు అవతలివాడిని తాకి రావాలి, అవతలివాళ్లు వీడిని ఒడిసి పట్టుకోవాలి. తాకితే మైలపడే సమాజంలో తాకితే పాయింటు వచ్చే ఆట! మన శాస్త్రకారులు దీనిని ఎలా ఉపేక్షించారో తెలియదు.

నేను చదువుకున్నది ఈ తీరంలోని ఒక కథోలిక ఉన్నత పాఠశాలలోనే. మా ప్రయోగశాలకు తాళం ఉండేది. ఏడాదికి నాలుగైదుసార్లు తెరిచేవారు. తెరిచిన రోజున సామాను తక్కువ, పిల్లలు ఎక్కువ. అందుకని ‘జాగ్రత్తగా పట్టుకోగలిగిన’ నలుగురిని ముందుకు పిలిచేవారు. ఆ నలుగురిలో నేనెప్పుడూ ఉండేవాణ్ణి. నా చేయి ఇతరుల చేయి కంటే నిలకడైనదేమీ కాదు. ఒక బీకరు పగలగొట్టింది కూడా నేనే. నా ఇంటిపేరూ, మా నాన్న బడి కమిటీలో ఉండడమూ చాలాయి. దళితవాడ నుంచీ, యానాదుల సంఘం నుంచీ వచ్చినవాళ్లు వెనక నిలబడి చూసేవారు. అదే పిల్లలను జిల్లా పోటీలకు నెల ముందు తరగతి నుంచి పిలిపించి మైదానంలో పరుగెత్తించేవారు. వాళ్లు కప్పులు తెచ్చారు. ఆ కప్పులు ప్రధానోపాధ్యాయుల గదిలో అద్దాల బీరువాలో ఉండేవి. తప్పిపోయిన పాఠాలు మాత్రం వారికి ఎవరూ తిరిగి చెప్పలేదు. పదో తరగతి సైన్సులో తప్పినవారు ఎవరెవరో చూస్తే పరుగు పందెం జాబితా చూసినట్టే ఉండేది. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. ఆ గురువులు దయగలవారే. ‘వీళ్లు ఆటల పిల్లలు, వాళ్లు చదువు పిల్లలు’ అన్న విభజన ఎంతో సహజంగా, ప్రేమగా కూడా జరిగిపోయింది.

శరీరాన్ని మెచ్చుకోవడంలో ఉన్న ఈ ఉచ్చును గుర్తించాలి. దళిత, ఆదివాసీ పిల్లలకు పుట్టుకతోనే బలమూ వేగమూ ఉంటాయనడం పొగడ్తలా వినిపిస్తుంది. మేధ పుట్టుకతో వచ్చేది మరొకరికి అన్నది దాని రెండో సగం. నిజానికి వ్యాయామవిద్య కూడా శాస్త్రమే. గుండె కొట్టుకునే రేటు, కండరంలో పేరుకునే లాక్టిక్ ఆమ్లం, ఆహారంలో మాంసకృత్తులు, కీళ్ల కదలిక, ఇవన్నీ జీవశాస్త్ర పాఠాలు. 1920లో హెచ్.సి. బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ కళాశాలను స్థాపించినప్పుడు శిక్షకుడు కావడానికి చదువు అవసరమన్న భావన ఈ దేశంలో సంస్థారూపం పొందింది. నూరేళ్లు దాటినా మన బడుల్లో పీఈటీ అంటే ప్రార్థనలో వరుసలు సరిచేసే మనిషి, అల్లరి పిల్లలను దండించే మనిషి. అతని సబ్జెక్టుకు పదో తరగతి పబ్లిక్ పరీక్షలో పేపరు లేదు. భౌతికశాస్త్రానికి 50, జీవశాస్త్రానికి 50 మార్కులున్నాయి కనుక జనవరి రాగానే ఆటల పీరియడు వాటికి దానమైపోతుంది. ట్యూషనూ, ఇంట్లో ఆటస్థలమూ ఉన్న పిల్లవాడికి దీనివల్ల పెద్ద నష్టం లేదు. బడి వదలగానే చెరువు పనికో, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికో వెళ్లే పిల్లకు రోజులో ఆడుకునే గంట అదొక్కటే.

చదువూ ఆటా ఎదురుబొదురు కావని నిరూపించిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. భువనగిరి గుట్టమీద మొదలైన వారి శిక్షణ వెనక ఆ పిల్లలు దేనికైనా తగినవారేనని నమ్మి ఖర్చుపెట్టిన ప్రభుత్వ విద్యాసంస్థ ఉంది. మిషన్ బడులు ఒకప్పుడు చేసిన పని అదే. ఇప్పుడు ఆ పని ఎవరు చేస్తున్నారన్నది ఆ బడులే వేసుకోవలసిన ప్రశ్న.

సైన్సు విషయంలో ఈ తీరానికి మరో విచిత్రమైన బంధం ఉంది. ఇక్కడి నుంచి దక్షిణంగా శ్రీహరికోట. 1971 అక్టోబరులో అక్కడి నుంచి తొలి రాకెట్ ఎగిరింది. దానికి ముందు ఆ దీవి అడవుల్లో బతికిన యానాదులు కేంద్రం కోసం చోటు ఖాళీ చేయవలసి వచ్చింది. చేపల కదలికలూ, మూలికలూ, పాములూ తెలిసిన ఒక జాతి జ్ఞానం తరలింపు కాగితాల్లో ఎక్కడా నమోదు కాలేదు. ప్రయోగం జరిగిన ప్రతిసారీ తీరమంతా పిల్లలు మైదానంలోకి వచ్చి ఆకాశంలో పొగచార చూస్తారు. ఆ గుంపులో యానాది పిల్లవాడు ఉంటే, మీ తాతల నేల అది అని చెప్పే పాఠం ఏ పుస్తకంలోనూ లేదు.

పాఠ్యపుస్తకం వదిలేసినది ఊళ్లో చాలా ఉంది. తంగేడు చెక్కతో తోలు పదును చేయడం టానిన్ల రసాయనశాస్త్రం. మాదిగల ఈ విద్యను విజ్ఞానంగా గుర్తించాలని కంచ ఐలయ్య ఏళ్లుగా రాస్తున్నారు. రొయ్యల చెరువు దగ్గర కూలికి వెళ్లే తల్లిదండ్రులకు నీటి ఉప్పదనం, పీహెచ్, ప్రాణవాయువు తగ్గితే రొయ్య తేలడం రోజూ కంటితో చూసే సంగతులు. తీరప్రాంత రొయ్యల సాగుపై 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చేదాకా వెళ్లిన వివాదంలో పొలాలు, మంచినీళ్లు ఉప్పబారడం ప్రధాన ఆరోపణ. తమ వాడ బోరునీళ్లనూ, చెరువు వదిలిన నీళ్లనూ రెండు గాజుపాత్రల్లో పెట్టి పరీక్షించమని తొమ్మిదో తరగతికి ఇస్తే అంతకంటే మంచి ప్రయోగం లేదు. అది ఎందుకు జరగదో ఊళ్లో అందరికీ తెలుసు. నెల్లూరు జిల్లాలో ఇది కొత్త భయం కూడా కాదు. 1991లో మొదలైన అక్షరాస్యత ఉద్యమపు వాచకంలోని ఒక పాఠం దూబగుంట స్త్రీలను సారా దుకాణం మీదికి నడిపించింది. పాఠం పనిచేస్తే ఏమవుతుందో ఈ జిల్లా పెద్దలు అప్పుడే చూశారు.

చివరకు అంతా వచ్చి ఆగేది ప్రవేశాల రిజిస్టరు దగ్గర. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కుల హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చింది. క్రైస్తవ దళితుడు బయటే ఉన్నాడు. మన రాష్ట్రంలో అతను బీసీ-సి, 1 శాతం కోటా. పక్కనే కూర్చున్న యానాది పిల్లవాడు జ్ఞానస్నానం పొందినా షెడ్యూల్డు తెగ హోదాకు మతం అడ్డురాదు. కనుక కథోలిక బడిలో గుమస్తా మతం గడిలో రాసే ఒక్క మాట ఒకే తరగతిలోని ఇద్దరు పేదపిల్లల ఉపకారవేతనాన్నీ, ఇంజనీరింగు సీటునూ, రేపటి పీఈటీ ఉద్యోగాన్నీ వేరుచేస్తుంది. ఆదివారం ఒక పేరు, టీసీలో మరో పేరు అని ఎగతాళి చేసేవారు ఆ గడిని ఎవరు సృష్టించారో ఆలోచించరు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానం చేసింది. ఈ అంశాన్ని పరిశీలించడానికి కేంద్రం 2022లోనే బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించింది. ఆ మధ్యలో పిల్లలు పదో తరగతి దాటి వెళ్లిపోతూనే ఉన్నారు.

హోదా కోసం ఢిల్లీని అడిగే సంఘం తన చేతిలో ఉన్నదానికి జవాబు చెప్పవలసి ఉంటుంది. 2014లో ప్రమతి ట్రస్టు కేసులో రాజ్యాంగ ధర్మాసనం మైనారిటీ పాఠశాలలకు విద్యాహక్కు చట్టం వర్తించదన్నది. అంటే 25 శాతం సీట్లు బలహీనవర్గాలకు ఇవ్వాలన్న నిబంధన వాటిని తాకదు. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని, నూరుమంది దాటిన ప్రాథమికోన్నత తరగతులకు వ్యాయామ బోధకుడు ఉండాలని చెప్పే అనుబంధం కూడా తాకదు. మైనారిటీ హక్కును నేను సమర్థిస్తాను. 30వ అధికరణం లేకపోతే ఈ బడులే ఉండేవి కావు. అయితే ఆ మైనారిటీలో మెజారిటీ దళితులు. వారి పిల్లలకు ఇంగ్లీషు మీడియం ఫీజు అందనప్పుడు, పట్టణంలోని కథోలిక బడి ప్రయోగశాలలో చల్లటి గాలి వీస్తూ, పల్లె విచారణలోని బడి ప్రయోగశాలకు తాళం తుప్పుపట్టినప్పుడు, ఆ హక్కు ఎవరి తరఫున వాడుతున్నారని అడిగే అధికారం విశ్వాసులకు ఉంది.

అడగవలసిన లెక్కలు పెద్దవేమీ కావు. మేత్రాసనం నడిపే ప్రతి ఉన్నత పాఠశాలలో ఈ ఏడాది ప్రయోగశాల ఎన్ని రోజులు తెరిచారు, పరికరాలు ముట్టుకున్నవారు ఏ వాడల పిల్లలు, పోటీలకు వెళ్లినవారికి తప్పిన పాఠాలు ఎవరు చెప్పారు, ఆడపిల్లలు మైదానంలో ఎన్ని గంటలు గడిపారు, సైన్సు ఉపాధ్యాయుల్లో దళితులు ఎందరు. రోహిత్ వేముల తన ఆఖరి లేఖలో సైన్సు రచయిత కావాలని కోరుకున్నానని రాసుకున్నాడు. అటువంటి కోరిక ఉన్న పిల్లలు ఈ తీరపు బడుల్లో ఇప్పుడు ఏడో తరగతిలోనో ఎనిమిదిలోనో ఉంటారు. జూన్‌లో బడులు తెరిచేలోగా విచారణ సభల్లో ఈ ఐదు ప్రశ్నలను కాగితం మీద పెట్టి స్వాములవారి చేతికి ఇవ్వవచ్చు.