నైలు దారి మళ్లిన ఏడాది నాణేలు

ఆనకట్ట పూర్తయ్యాక స్మారక నాణెం వేయడం మామూలు. ఈజిప్టు మాత్రం అస్వాన్ హై డ్యామ్ పూర్తికావడానికి ఆరేళ్ల ముందే, 1964లో, నైలు నదిని దారి మళ్లించినందుకు వెండి నాణేలు తెచ్చింది. 5, 10, 25, 50 పియాస్టర్ల విలువతో నాలుగు రకాలు వచ్చాయి. అక్కడ నూరు పియాస్టర్లయితే ఒక పౌను.

ఈ డ్యామ్ కథంతా మొదలైందే డబ్బు దగ్గర. సాయం చేస్తామన్న అమెరికా 1956 జూలైలో మాట తప్పింది. బ్రిటన్, ప్రపంచ బ్యాంకు కూడా తప్పుకున్నాయి. వారం తిరిగేసరికి అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాడు. కాలువ రాబడితోనే డ్యామ్ కట్టుకుంటామన్నాడు. ఆ జాతీయకరణకు గుర్తుగా అదే ఏడాది 25 పియాస్టర్ల వెండి నాణెం వచ్చింది. చివరికి సోవియట్ యూనియన్ అప్పిచ్చి, ఇంజినీర్లను పంపింది. 1960 జనవరిలో పని మొదలైంది.

పారే నదిలో కట్ట వేయాలంటే ముందు నీటికి మరో దారి చూపాలి. తూర్పు ఒడ్డున రాతిని తొలిచి కాలువ తవ్వారు. 1964 మే 14న నాసర్, సోవియట్ నేత కృశ్చేవ్ కలిసి మీట నొక్కగానే అడ్డుకట్ట పేలింది, నీళ్లు కొత్త దారి పట్టాయి. ఆ తర్వాత పాత పాయలో రాళ్లు, ఇసుక పోసి, నడుమ నీరు ఊరకుండా బంకమట్టి కూరి, 111 మీటర్ల ఎత్తున కట్ట లేపారు. పొడవు దాదాపు 3.8 కిలోమీటర్లు. ఇంజినీర్లు గండం గట్టెక్కింది నది మళ్లిన రోజునే. నాణెం వేయడానికి ఈజిప్టు ఎంచుకున్న సందర్భం నూటికి నూరుపాళ్లు సరైనది.

ఆ నాణేల మీద అరబిక్ అంకెల్లో రెండు సంవత్సరాలు కనిపిస్తాయి: 1964, హిజ్రీ 1384. ఆ హిజ్రీ ఏడాది మొదలైందీ ఆ మే నెలలోనే. దేశం పేరు ‘ఐక్య అరబ్ గణరాజ్యం’ అని ఉంటుంది. సిరియా 1961లోనే విడిపోయినా ఈజిప్టు ఆ పేరును 1971 దాకా వదల్లేదు.

1968లో డ్యామ్ పేరిట వెండి పౌను నాణెం వచ్చింది. 1970లో నిర్మాణం ముగిసింది, ఆ సెప్టెంబరులోనే నాసర్ కన్నుమూశాడు. 12 టర్బైన్లతో 2,100 మెగావాట్ల విద్యుత్తు తీయగల డ్యామ్‌ను 1971 జనవరిలో తర్వాతి అధ్యక్షుడు సాదత్ ప్రారంభించాడు.

ముంపు సంగతీ చెప్పుకోవాలి. అబూ సింబెల్ ఆలయాలను ముక్కలుగా కోసి 65 మీటర్ల పైకి చేర్చారు. ఇంచుమించు అదే కాలంలో మన సాగర్ నీళ్లు రాకముందే నాగార్జునకొండ శిథిలాలను కొండ మీదికి తరలించారు. గుడులకు దక్కిన ఆ శ్రద్ధ మనుషులకూ దక్కి ఉండాల్సింది. ఈజిప్టు, సూడాన్‌లలో కలిపి ముంపు ప్రాంతంలోని దాదాపు లక్షమంది నూబియన్లు ఊళ్లు వదిలారు. ఈజిప్టు వైపు వాళ్లను 1963, 64 సంవత్సరాల్లో కోం ఒంబో దగ్గరికి తరలించారు. వాళ్లను పదేళ్లలోగా సొంత ప్రాంతాలకు చేర్చే ప్రాజెక్టులు చేపట్టాలని ఈజిప్టు 2014 రాజ్యాంగం 236వ అధికరణంలో రాసుకుంది. ఆ పదేళ్ల గడువు 2024లో దాటిపోయింది.